రిజర్వు సైన్యానికి అధిపతి: యుద్ధం నడపని సేనాని పని

రిజర్వు సైన్యానికి అధిపతిగా ఉండే అధికారి యుద్ధం నడపడు. యుద్ధం వచ్చిన రోజున తన దళాలను ఒక్కొక్కటిగా వేరే సేనానుల చేతికి అప్పగిస్తాడు. అవి ఎక్కడ పోరాడాలో, ఎవరి ఆజ్ఞ పాటించాలో ఆ తర్వాత వాళ్లే నిర్ణయిస్తారు. అధిపతి రెండు ప్రశ్నలకు జవాబుదారీ. అప్పగించే నాటికి ఆ దళాలు ఏ స్థితిలో ఉన్నాయి? తిరిగి వచ్చాక ఆ మనుషుల ఉద్యోగాలు, కుటుంబాలు ఏ స్థితిలో ఉన్నాయి? గెలుపోటములు రంగంలో ఉన్నవారి ఖాతాలో పడతాయి గనుక సైనిక చరిత్రల్లో ఈ పదవికి దక్కిన చోటు చాలా తక్కువ. ఒక దేశం తన పౌరులను సైనికులుగా మార్చే పని ఎంత నిజాయితీగా చేస్తోందో తెలియాలంటే మాత్రం చూడవలసినది ఈ పదవినే.

రెగ్యులర్ సైనికుడికి సైన్యమే జీవితం. రిజర్విస్టు నర్సో, లారీ డ్రైవరో, బడిపంతులో, ఇంజనీరో అయి ఉంటాడు. నెలలో ఒకటి రెండు రోజులు, ఏడాదిలో కొన్ని వారాలు మాత్రమే యూనిఫాం వేసుకుంటాడు. రిజర్వులు అన్ని దేశాల్లో ఒకే రకంగా లేవు. కొన్నిచోట్ల నిర్బంధ సైనిక శిక్షణ పూర్తిచేసిన ప్రతి పౌరుడూ రిజర్వులో ఉన్నట్టే. కొన్నిచోట్ల సైన్యం విడిచి వెళ్లినవారి పేర్ల జాబితానే రిజర్వు. అమెరికా, బ్రిటన్, భారతదేశాల్లో ఇష్టపడి చేరిన పౌరులతో విడి దళాలే ఏర్పడ్డాయి. అధిపతి పదవికి స్పష్టమైన రూపం వచ్చింది ఈ మూడో రకంలోనే. వాటిలోనూ చట్టం అత్యంత వివరంగా రాసినది అమెరికా ఆర్మీ రిజర్వు అధిపతి పదవిని.

ఆ రిజర్వు వైద్యులతో మొదలైంది. 1898లో స్పెయిన్‌తో జరిగిన యుద్ధంలో తూటాల కన్నా జబ్బులు ఎక్కువమంది అమెరికన్ సైనికులను చంపాయి. శిబిరాల్లో టైఫాయిడ్ ప్రబలింది, డాక్టర్లు చాలలేదు. ఆ అనుభవంతో 1908 ఏప్రిల్ 23న మెడికల్ రిజర్వ్ కోర్ ఏర్పడింది. పౌర జీవితంలో వైద్యం చేసుకుంటూనే అవసరమైనప్పుడు సైన్యానికి వచ్చే డాక్టర్ల పట్టిక అది. 1916, 1920 జాతీయ రక్షణ చట్టాలు దాన్ని అన్ని విభాగాలకూ విస్తరించాయి. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ రిజర్వు అధికారులు పెద్ద సంఖ్యలో పనిచేశారు. దళాలుగా కాదు, విడి మనుషులుగా. అందువల్ల రిజర్వును ఒక వ్యవస్థగా చూసుకునే అధిపతి అవసరం చాలాకాలం ఎవరికీ తోచలేదు.

కొరియా యుద్ధంలో ఆ లోటు బయటపడింది. 1950లో సైన్యానికి అనుభవమున్న మనుషులు వెంటనే కావలసి వచ్చారు. జీతంతో క్రమంగా కవాతుకు వస్తున్న దళాలను పక్కనబెట్టి, రెండో ప్రపంచ యుద్ధం ముగించుకుని ఇళ్లకు చేరి, జాబితాలో పేరు మాత్రమే మిగిలిన వేలమందిని ముందుగా పిలిచారు. అయిదేళ్లకే రెండోసారి యుద్ధానికి వెళ్లవలసి వచ్చిన ఆ మనుషుల కోపం చట్టసభను కదిలించింది. 1952 చట్టం రిజర్వును మూడు వరుసలుగా విడదీసింది: ముందు పిలవదగినవారు, తప్పనిసరైతేనే పిలవవలసినవారు, విరమించినవారు. ఎవరిని ముందు పిలవాలన్నది న్యాయానికి సంబంధించిన ప్రశ్న అని అమెరికా గుర్తించింది అప్పుడే.

1964 చివరలో రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా ఆర్మీ రిజర్వు దళాలను నేషనల్ గార్డులో కలిపివేయాలని ప్రతిపాదించాడు. రాష్ట్ర గవర్నర్ల కింద ఉండే గార్డు, కేంద్రం కింద ఉండే రిజర్వు రెండూ ఎందుకన్నది ఆయన వాదన. అమెరికా కాంగ్రెస్ ఒప్పుకోలేదు. వాదోపవాదాల తర్వాత 1967 డిసెంబరులో వచ్చిన చట్టం ఆర్మీ రిజర్వు ఉనికికి హామీ ఇచ్చి, దాని అధిపతి పదవిని చట్టంలో రాసింది. అంతకుముందు కూడా రిజర్వు వ్యవహారాలు చూసే అధికారి ఉండేవాడు గానీ ఆయన సైనిక కార్యాలయంలో అనేకమందిలో ఒకడు. చట్టం వచ్చాక ఆ పదవిని ఏ మంత్రీ ఒక ఉత్తర్వుతో ఎత్తివేయలేడు.

ఆ చట్టంలోని షరతులు ప్రస్తుత రూపంలో ఇలా ఉన్నాయి. అధిపతిని అధ్యక్షుడు నియమిస్తాడు, సెనేట్ ఆమోదించాలి. ఆ వ్యక్తి ఆర్మీ రిజర్వులోనే జనరల్ స్థాయికి ఎదిగినవాడై ఉండాలి, రిజర్వు అధికారిగా కనీసం 10 సంవత్సరాలు పనిచేసి ఉండాలి. పదవీకాలం 4 సంవత్సరాలు. మొదట్లో మేజర్ జనరల్ హోదా, 2001 నుంచి లెఫ్టినెంట్ జనరల్ హోదా. రిజర్వు జీతభత్యాల బడ్జెట్, నిర్వహణ బడ్జెట్, నిర్మాణాల బడ్జెట్ తయారుచేయడం, వాటిని సమర్థించుకోవడం, ఖర్చు పెట్టడం ఆయన బాధ్యత. రిజర్వు పరిస్థితి మీద ఏటా రక్షణ మంత్రికి నివేదిక ఇవ్వాలి. చట్టసభ సంఘాల ముందు కూర్చుని ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

వీటన్నిటిలో బడ్జెట్ అధికారమే పదవికి ప్రాణం. రెగ్యులర్ సైన్యం, రిజర్వు ఒకే సంచిలోంచి డబ్బు తీసుకుంటే కరువు కాలంలో ముందు తెగేది రిజర్వు వాటాయే. రేపు యుద్ధానికి వెళ్లే దళానికి కొత్త లారీలు ఇవ్వాలా, ఎప్పుడో వెళ్లే దళానికి ఇవ్వాలా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు ఏ సైన్యాధిపతి అయినా మొదటిదాన్నే ఎంచుకుంటాడు. అది దుర్బుద్ధి కాదు, ఆ కుర్చీలో కూర్చున్నవారికి అలాగే కనిపిస్తుంది. అందుకే రిజర్వు తరఫున మాట్లాడే మనిషి చేతిలో విడిగా ఒక ఖాతా ఉండాలని అమెరికా చట్టం నిర్ణయించింది. నేషనల్ గార్డు బ్యూరో అధిపతితో పోల్చి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. ఆయనకు 2008 నుంచి నాలుగు నక్షత్రాల జనరల్ హోదా ఉంది. 2011 చివరలో వచ్చిన చట్టంతో సర్వ సేనాధిపతుల మండలిలో సభ్యత్వమూ దక్కింది. కానీ శాంతికాలంలో గార్డు దళాలు గవర్నర్ల ఆజ్ఞలోనే ఉంటాయి, ఆయనది సమన్వయం మాత్రమే. హోదా తక్కువైనా తన దళాల మీద నేరుగా అధికారం ఉన్నది ఆర్మీ రిజర్వు అధిపతికే.

ఆ అధికారం మరో పదవి ద్వారా వచ్చింది. 1990ల మొదట్లో దేశమంతటా చెదిరి ఉన్న రిజర్వు దళాలను ఒక గొడుగు కిందికి తెస్తూ ఆర్మీ రిజర్వు కమాండ్ ఏర్పడింది. మొదట అట్లాంటాలో ఉండి, 2011లో నార్త్ కరోలినాలోని ఫోర్ట్ బ్రాగ్‌కు మారింది. అధిపతే ఆ కమాండ్‌కు కమాండరు కూడా. పెంటగాన్‌లో కూర్చున్నప్పుడు ఆయన సైన్యాధిపతికి సలహాదారు, చట్టసభకు సాక్షి. ఫోర్ట్ బ్రాగ్‌లో కూర్చున్నప్పుడు దళాల శిక్షణకూ క్రమశిక్షణకూ బాధ్యుడు. డబ్బు అడిగేవాడు, ఆ డబ్బుతో దళం తయారుచేసేవాడు ఒకడే కావడం మంచిదే, సాకులకు చోటుండదు. మరోవైపు తన దళాల లోపాలను తానే బయటపెట్టవలసి రావడం ఏ అధికారికైనా కష్టమైన పని.

శాంతికాలంలో ఆయన చేతిలో ఉన్న సమయం అతి తక్కువ. సాధారణ రిజర్విస్టు నెలకో వారాంతం కవాతుకు వస్తాడు, ఏడాదికోసారి రెండు వారాల శిబిరానికి వెళతాడు. మొత్తం కలిపితే ఏడాదికి 39 రోజుల లోపే. అందులో వైద్య పరీక్షలు, కాగితాలు, తప్పనిసరి పాఠాలు పోగా అసలు పని నేర్చుకునేందుకు మిగిలేది కొద్దిపాటి కాలం. వ్యవస్థను రోజువారీ నిలబెట్టేది పూర్తికాలం పనిచేసే కొద్దిమంది రిజర్వు సిబ్బంది. ఏ దళానికి ఎన్ని రోజులు ఇవ్వాలి, ఏ పాఠాన్ని వదిలేయవచ్చు, ఎవరిని ముందు సిద్ధం చేయాలి అన్న లెక్కలే అధిపతి దినచర్య.

ఆర్మీ రిజర్వులో పోరాట దళాలు దాదాపు లేవు. 1993లో కుదిరిన ఒప్పందంతో అలాంటివి నేషనల్ గార్డుకు వెళ్లాయి. ఆసుపత్రులు, రవాణా, ఇంధనం, నీటి శుద్ధి, వంతెనల నిర్మాణం, పౌర పాలన వంటివి రిజర్వుకు మిగిలాయి. ఇన్‌ఫాంట్రీలో హవాయి కేంద్రంగా ఉన్న 442వ రెజిమెంట్ 100వ బెటాలియన్ ఒక్కటే ఇక్కడ ఉంది. ఈ పంపకం వల్ల రెగ్యులర్ సైన్యం రిజర్వు లేకుండా పెద్ద యుద్ధానికి కదలలేదు. ఆ స్థితి కోరి తెచ్చుకున్నదే. వియత్నాం యుద్ధ విస్తరణ సమయంలో, 1965లో, అధ్యక్షుడు జాన్సన్ రిజర్వులను పిలవకూడదని నిర్ణయించాడు. ఊళ్లలో స్థిరపడిన మనుషులను పిలిస్తే యుద్ధం ప్రతి ఇంట్లోనూ చర్చకు వస్తుందని ఆయనకు తెలుసు. 1970 తర్వాత వచ్చిన ఉమ్మడి సైన్య విధానం రెగ్యులర్ సైన్యాన్నీ రిజర్వునూ ఒకే బలంగా లెక్కించింది. దాంతో పెద్ద యుద్ధం చేయాలనుకున్న ప్రభుత్వం పౌరుల తలుపు తట్టక తప్పని స్థితి వచ్చింది.

ఆ తలుపు 1990 ఆగస్టులో తట్టారు. కువైట్ మీద ఇరాక్ దాడి తర్వాత 80 వేలకు పైగా ఆర్మీ రిజర్విస్టులు పిలుపు అందుకున్నారు. పెన్సిల్వేనియాలోని గ్రీన్స్‌బర్గ్ అనే చిన్న ఊరికి చెందిన 14వ క్వార్టర్‌మాస్టర్ డిటాచ్‌మెంట్ వారిలో ఒకటి. నీటిని శుద్ధి చేసే ఆ దళంలో ఉన్నది 69 మంది. 1991 ఫిబ్రవరి 25న, సౌదీ అరేబియాలో దిగి వారం తిరగకముందే, ధహ్రాన్‌లో వాళ్లున్న బ్యారక్‌ల మీద ఇరాకీ స్కడ్ క్షిపణి పడింది. చనిపోయిన 28 మంది సైనికుల్లో 13 మంది ఆ దళంవారు. మరో 43 మంది గాయపడ్డారు. రెగ్యులర్ దళంలో నష్టం జరిగితే దుఃఖం దేశమంతటా పంచుకుపోతుంది. రిజర్వు దళంలో జరిగితే ఒకే జిల్లాలో నాలుగైదు ఊళ్లు మోయాలి. ముందు వరుసలో లేని నీళ్ల దళమైనా సరే యుద్ధానికి పూర్తిగా తయారై ఉండాలని ఆ రాత్రి తర్వాత ఎవరికీ విడమరచి చెప్పవలసిన పని లేకపోయింది.

అయినా 2001 తర్వాత అదే పాఠం మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. సెప్టెంబరు 11 దాడుల తర్వాత మూడు రోజులకే వచ్చిన ఉత్తర్వుతో రిజర్విస్టులను 24 నెలల దాకా సేవలో ఉంచుకునే వీలు కలిగింది. అఫ్ఘానిస్తాన్, ఇరాక్ యుద్ధాలకు పిలుపులు ఆగలేదు. కాగితం మీద పూర్తిగా ఉన్న దళం పిలుపు వచ్చేసరికి సగం ఖాళీగా కనిపించేది. కొందరు శిక్షణ పూర్తి చేయలేదు, కొందరు వైద్యపరంగా పనికిరారు, కొందరు అప్పటికే ఒకసారి వెళ్లి వచ్చారు. ఆ ఖాళీలను మిగతా దళాల మనుషులతో, వాహనాలతో పూరించి పంపేవారు. విత్తనాల గింజలు దంచుకు తిన్నట్టు, ఈ ఏడాది దళాన్ని నింపడానికి వచ్చే ఏడాది దళాన్ని ఖాళీ చేశారు. ఒకరికొకరు తెలియని మనుషులు ఒకే దళంగా యుద్ధానికి వెళ్లారు.

దాని ఫలితాలు రెండు సంఘటనల్లో ప్రపంచానికి కనిపించాయి. ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైలులో ఖైదీలను హింసించిన కేసులో ప్రధానంగా పట్టుబడినవారు మేరీల్యాండ్‌కు చెందిన 372వ మిలిటరీ పోలీసు కంపెనీ రిజర్విస్టులు. ఖైదీల కాపలాకు వాళ్లకు సరైన శిక్షణే లేదని మేజర్ జనరల్ టగుబా విచారణ తేల్చింది. శిక్షణ లేకపోవడం ఆ దుర్మార్గానికి సాకు కాదు, పై అధికారుల తప్పును అది చెరపదు. అయినా శిక్షణ లేని దళాన్ని ఆ పనికి పంపిన వ్యవస్థ ప్రశ్న అలాగే నిలిచింది. 2004 అక్టోబరులో ఇరాక్‌లో 343వ క్వార్టర్‌మాస్టర్ కంపెనీ రిజర్విస్టులు కొందరు ఇంధనం తీసుకువెళ్లే పనికి నిరాకరించారు. తమ లారీలకు కవచం లేదని, అవి దారిలో ఆగిపోయే స్థితిలో ఉన్నాయని వాళ్లు చెప్పారు.

అప్పటి అధిపతి లెఫ్టినెంట్ జనరల్ జేమ్స్ హెల్మ్‌లీ. 2004 డిసెంబరు 20న ఆయన సైన్యాధిపతి పీటర్ షూమేకర్‌కు ఒక లేఖ రాశాడు. పాతకాలపు విధానాల వల్ల, పిలుపు మీద పెట్టిన పరిమితుల వల్ల రిజర్వు విరిగిపోయిన దళంగా వేగంగా దిగజారుతోందని హెచ్చరించాడు. మళ్లీ యుద్ధానికి ఇష్టపడి వచ్చేవారికి నెలకు వెయ్యి డాలర్లు అదనంగా ఇచ్చే ఆలోచననూ తప్పుపట్టాడు. దేశం కోసం వచ్చేవాడికీ కిరాయికి వచ్చేవాడికీ తేడా చెరిగిపోతుందన్నది ఆయన భయం. కొద్ది వారాల్లోనే ఆ లేఖ బాల్టిమోర్ సన్ పత్రికకు చేరింది. యుద్ధం నడుస్తుండగా ఒక సేనాని తన దళం దుస్థితి గురించి ఇలా రాయడం అరుదు. రిజర్వులోనే ఎదిగినవాడు, చట్టం నిర్ణయించిన పదవీకాలం ఉన్నవాడు కాబట్టి రాయగలిగాడు. ఈ పదవి చరిత్రలో ఆ లేఖను మించిన సేవ మరొకటి లేదని చెప్పవచ్చు.

ఆ తర్వాత మార్పులు వచ్చాయి. 2007 జనవరిలో రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ బలవంతపు పిలుపును ఒక్కసారికి 12 నెలలకు పరిమితం చేశాడు. విడి మనుషులను ఏరకుండా దళాలను దళాలుగానే పిలవాలన్నాడు. ఒక ఏడాది సేవకు అయిదేళ్లు ఇంటిపట్టున ఉండాలన్నది లక్ష్యం. అంతవరకు పిలిచిన తర్వాత నెలల తరబడి సాగే శిక్షణ ఇప్పుడు పిలవకముందే పూర్తికావాలి. రిజర్వు దళాలు వంతులవారీగా ఏటికేడాది శిక్షణ పెంచుకుంటూ పోయే చక్రంలోకి మారాయి. శిక్షణ రోజులు పెరిగితే యజమానులు ఒప్పుకోవాలి. అధిపతి పనిలో అసలు చిక్కు అదే.

రిజర్విస్టు సమయం ఎప్పుడూ మరొకరిది. చట్టం యజమానిని కట్టడి చేస్తుంది. 1994 నాటి అమెరికా చట్టం ప్రకారం సైనిక సేవకు వెళ్లి వచ్చినవాడికి అతని ఉద్యోగం, అతను వెళ్లకుండా ఉంటే పొంది ఉండే సీనియారిటీతో సహా, తిరిగి ఇవ్వాలి. సాధారణంగా అయిదేళ్ల సేవ వరకు ఈ రక్షణ వర్తిస్తుంది. కానీ పదిమంది పనిచేసే దుకాణంలో ఇద్దరు ఏడాదిపాటు వెళ్లిపోతే చట్టం ఆ దుకాణాన్ని నడపలేదు. 2006లో అధిపతి అయిన లెఫ్టినెంట్ జనరల్ జాక్ స్టుల్ట్జ్ పౌర జీవితంలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో మేనేజరు. కంపెనీలు ఏం మాట్లాడతాయో, ఏం మాట్లాడకుండా దాచుకుంటాయో ఆయనకు అనుభవం. 2008లో యజమానులతో భాగస్వామ్య కార్యక్రమం మొదలుపెట్టాడు. లారీ డ్రైవర్లు, నర్సులు, పోలీసులు కావలసిన సంస్థలూ రిజర్వూ కలిసి మనుషులను చేర్చుకోవాలన్నది దాని ఉద్దేశం. రిజర్వు అధిపతి బయటి ప్రపంచంలో జీతం తీసుకుని ఉండటం ఎంత అవసరమో ఈ ఉదాహరణ చెబుతుంది. 2020లో ఈ పదవికి వచ్చిన మొదటి మహిళ లెఫ్టినెంట్ జనరల్ జోడీ డేనియల్స్ కంప్యూటర్ సైన్సులో డాక్టరేట్ పొందినవారు, లాక్‌హీడ్ మార్టిన్‌లో పనిచేసినవారు.

ఆమె రావడానికి కొద్ది నెలల ముందు కోవిడ్ ఈ వ్యవస్థను మరో దిక్కు నుంచి పరీక్షించింది. 2020 వసంతంలో ఆర్మీ రిజర్వు 85 మంది చొప్పున వైద్య దళాలను ఏర్పరచి రోగులతో నిండిన నగరాలకు పంపింది. దళాలు త్వరగానే కదిలాయి. అయితే రిజర్వులోని డాక్టరు, నర్సు అప్పటికే తమ ఊరి ఆసుపత్రిలో అదే రోగులను చూస్తున్నవారు. ఒక నగరంలో ఖాళీ పూరించడానికి మరో నగరంలో ఖాళీ చేయకూడదు. రిజర్వు బలాన్ని లెక్కగట్టేటప్పుడు ఒకే మనిషిని దేశం రెండుసార్లు లెక్కిస్తోందేమో చూసుకోవడం అధిపతి బాధ్యత. పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, విద్యుత్ కార్మికులు రిజర్వులో ఉన్న ప్రతి దేశానికీ ఇది వర్తిస్తుంది.

బ్రిటన్ చరిత్రలో ఇదే సమస్య వేరే రూపంలో కనిపిస్తుంది. యుద్ధమంత్రి హాల్డేన్ సంస్కరణలతో 1908 ఏప్రిల్ 1న టెరిటోరియల్ ఫోర్స్ ఏర్పడింది. దాని నిర్వహణ చాలావరకు జిల్లా సంఘాల చేతిలో ఉండేది. 1914లో యుద్ధమంత్రి అయిన కిచెనర్‌కు ఆ పార్ట్‌టైమ్ సైనికుల మీద నమ్మకం లేదు. ఉన్న దళాలను విస్తరించకుండా కొత్త సైన్యాన్ని మొదటినుంచి కట్టాడు. రిజర్వు తరఫున పై స్థాయిలో గట్టిగా వాదించే సేనాని లేకపోవడం అక్కడ నష్టమైంది. అయినా ఆ టెరిటోరియల్ దళాలే కొద్ది నెలల్లో ఫ్రాన్స్‌కు వెళ్లి ఖాళీలు నింపాయి. వందేళ్ల తర్వాత, రెగ్యులర్ సైన్యాన్ని 82 వేలకు తగ్గించే ప్రణాళికలో భాగంగా, శిక్షణ పొందిన రిజర్వును 2018 నాటికి 30 వేలకు పెంచుతామని 2013 శ్వేతపత్రం ప్రకటించింది. 2014లో టెరిటోరియల్ ఆర్మీ పేరు ఆర్మీ రిజర్వుగా మారింది. రక్షణ శాఖలో రిజర్వుల వ్యవహారాలకు మేజర్ జనరల్ హోదా అధికారి ఉంటాడు. సాధారణ సిపాయిగా చేరి ఆ స్థాయికి ఎదిగిన వెస్ట్‌మినిస్టర్ డ్యూక్ జెరాల్డ్ గ్రోవెనర్ 2004 నుంచి 2007 వరకు ఆ పదవిలో ఉన్నాడు. ఆయన స్థానం సలహాదారుదే, దళాలు రెగ్యులర్ కమాండర్ల కిందే నడుస్తాయి. ఈ లోటును బ్రిటన్ మరో విధంగా పూడ్చింది. రిజర్వు పరిస్థితి మీద సైన్యం బయటి సంఘాలు ఏటా పార్లమెంటుకు నివేదిక ఇవ్వాలని 2014 చట్టంలో రాసింది. నిజం చెప్పే బాధ్యతను అధికారి మీదే వదిలేయకుండా బయటి కళ్లకు కూడా అప్పగించడం అన్ని దేశాలూ పరిశీలించదగిన ఏర్పాటు.

సైన్యమంతా రిజర్వే అయిన దేశాల్లో విడిగా రిజర్వు అధిపతి అవసరం తక్కువ. స్విట్జర్లాండ్‌లో శాంతికాలంలో జనరల్ అనే పదవే లేదు. యుద్ధ ప్రమాదం వచ్చినప్పుడు పార్లమెంటు జనరల్‌ను ఎన్నుకుంటుంది. చివరిసారి 1939 ఆగస్టు 30న హెన్రీ గిసాన్ అలా ఎన్నికయ్యాడు. ఫిన్లాండ్ యుద్ధకాల బలం 2 లక్షల 80 వేలు, అందులో అత్యధికులు రిజర్విస్టులే. కాబట్టి అక్కడ సైన్యాధిపతే రిజర్వుకూ అధిపతి. ఇజ్రాయెల్‌లో రిజర్వుల వ్యవహారాలు చూసే ప్రధాన అధికారి ఉన్నాడు గానీ ఆయన దళాలను నడపడు, వారి హక్కులు, సేవా నియమాలు చూస్తాడు. 2006 లెబనాన్ యుద్ధంలో సామగ్రి కొరతతో, చాలని శిక్షణతో రిజర్విస్టులు పోరాడవలసి వచ్చిందన్న విమర్శల తర్వాత 2008లో అక్కడ రిజర్వు సేవకు ప్రత్యేక చట్టం వచ్చింది.

ఎవరూ రిజర్వును కనిపెట్టుకుని ఉండకపోతే ఏమవుతుందో 2022 సెప్టెంబరులో రష్యాలో కనిపించింది. 3 లక్షల మందిని పిలుస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించిన కొద్ది రోజుల్లోనే వయసు మించినవారికి, జబ్బుపడినవారికి, సైనిక అనుభవం లేనివారికి కూడా పిలుపులు అందాయి. పొరపాట్లు జరిగాయని, సరిదిద్దాలని అధ్యక్షుడు పుతిన్ స్వయంగా చెప్పవలసి వచ్చింది. పాతబడ్డ జాబితా రిజర్వు కాదు.

భారతదేశంలో ఈ కోవకు చెందినది టెరిటోరియల్ ఆర్మీ. 1948 చట్టంతో ఏర్పడిన ఈ దళాన్ని 1949 అక్టోబరు 9న గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి ప్రారంభించారు. 1962, 1965, 1971 యుద్ధాల్లో దాని దళాలు పనిచేశాయి. పౌర ఉద్యోగం లేదా వృత్తి ఉన్నవారే ఇందులో అధికారులుగా చేరాలన్నది మూల నియమం. సేవకు వెళ్లినవారిని పాత ఉద్యోగంలోకి తిరిగి తీసుకోవాలన్న నిబంధన కూడా చట్టంలో ఉంది. ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లతో పాటు రైల్వే, చమురు సంస్థల ఉద్యోగులతో ఏర్పడిన శాఖాపరమైన దళాలు, కొండలమీద చెట్లు నాటే పర్యావరణ దళాలు ఇందులో ఉన్నాయి. వాటిలో మొదటిది 1982లో ముస్సోరీ ప్రాంతంలో సున్నపురాయి గనుల వల్ల బోడిబారిన కొండలను పచ్చబరచడానికి ఏర్పడింది. తెలుగు నేలమీద సికింద్రాబాద్ ఈ దళాలకు పాత కేంద్రం. గార్డ్స్ రెజిమెంటుకు అనుబంధమైన 125వ టెరిటోరియల్ బెటాలియన్ అక్కడిదే.

టెరిటోరియల్ ఆర్మీ అధిపతి ఢిల్లీలో సైనిక ప్రధాన కార్యాలయంలో ఉంటారు. ఒకప్పుడు అదనపు డైరెక్టర్ జనరల్ పేరుతో మేజర్ జనరల్ హోదా ఉండేది. ఇప్పుడు డైరెక్టర్ జనరల్, లెఫ్టినెంట్ జనరల్ హోదా. దళాల ఏర్పాటు, భర్తీ, శిక్షణ, విధానాలు ఆయన పరిధి. పిలుపు అందుకున్న బెటాలియన్ ఆయా ప్రాంత కమాండర్ల ఆజ్ఞలోకి వెళుతుంది. ఇంతవరకు అమెరికా పదవితో పోలిక కుదురుతుంది. తేడా నియామకంలో ఉంది. టెరిటోరియల్ ఆర్మీలో చేరిన అధికారి ఎంపిక ద్వారా బ్రిగేడియర్ వరకు ఎదగగలడు, ఆ పైన అధిపతి స్థానం రెగ్యులర్ సైన్యం నుంచి వచ్చినవారిది. మంచి అధికారులు ఆ స్థానంలో పనిచేశారు, పనిచేస్తున్నారు. కానీ సోమవారం ఆఫీసుకు వెళ్లి, శనివారం యూనిఫాం వేసుకున్న అనుభవం ఉన్న మనిషి ఆ బల్ల దగ్గర లేకపోవడం లోటే.

భారతీయ అధిపతికి మరో ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఆయన దళాల్లో కొన్నిటి ఉనికి రక్షణ శాఖ చేతిలో పూర్తిగా లేదు. రైల్వే దళాలను 1974 సమ్మె కాలంలో రైళ్లు నడపడానికి పిలిచారు. తోటి కార్మికులు సమ్మెలో ఉండగా పనికి దిగవలసి రావడం ఆ ఉద్యోగులకు ఎంత ఇబ్బందికరమో ఊహించవచ్చు. ఇటీవలి సమీక్షలో ఆరు రైల్వే రెజిమెంట్లలో జమాల్‌పూర్‌ది మాత్రం ఉంచి, సికింద్రాబాద్‌తో సహా అయిదింటిని రద్దు చేయాలని నిర్ణయించారు. పర్యావరణ దళాలు ఇతర మంత్రిత్వ శాఖలు, రాష్ట్రాలు ఇచ్చే నిధుల మీద నడుస్తాయి. మహిళలకు తలుపు తెరిచింది సైన్యం కాదు, 2018 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు. ఇన్ని చోట్ల ఒప్పించవలసిన అధిపతికి సొంత చట్టబద్ధ బడ్జెట్ అధికారం గానీ పార్లమెంటుకు ఏటా నివేదిక ఇచ్చే బాధ్యత గానీ ఉంటే ఆయన మాటకు బరువు పెరుగుతుంది. కపిల్ దేవ్‌కు 2008లో, మహేంద్రసింగ్ ధోనీకి 2011లో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇవ్వడం యువతలో ఆసక్తి పెంచింది. ఆ ఆసక్తితో వచ్చినవారికి తగినంత శిక్షణ, ఊళ్లో ఉద్యోగ భద్రత దొరికితేనే అది బలంగా మారుతుంది.

ఈ విషయం ఇక పుస్తకాలకు పరిమితమైనది కాదు. 2025 మేలో, పహల్‌గాం దాడి తర్వాతి ఉద్రిక్తతల మధ్య, టెరిటోరియల్ ఆర్మీలోని ప్రతి అధికారినీ, ప్రతి సైనికుడినీ అవసరమైతే సేవకు పిలిచే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వం సైన్యాధిపతికి ఇచ్చింది. 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14 బెటాలియన్లను వివిధ కమాండ్ల పరిధిలో నియోగించే వీలు అందులో ఉంది. ఆ ఉత్తర్వు 2028 ఫిబ్రవరి 9 వరకు అమల్లో ఉంటుంది.